ఎక్స్‌ట్రా టైమ్ ఇచ్చామని రాశారు సరే, ఆ టైమ్ పిల్లకి దక్కిందా?

ఇరవై ఏళ్ళు ప్రత్యేక ఉపాధ్యాయురాలిగా పనిచేసి పోయినేడాది విరమించిన ఒక మేడమ్, మండలం హెడ్మాస్టర్ల సమావేశంలో మాట్లాడిన మాటలివి. ఆరోజు కొంతమంది తల్లులు కూడా వచ్చారు. రాలేకపోయినవాళ్ళు అడిగారని ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.

అందరికీ నమస్కారం. ముందు ఒక్కమాట, వెనక గోడవారగా నిలబడ్డ అమ్మలు, ఇలా ముందుకి రండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. హెడ్మాస్టర్ సార్ల పక్కన కూర్చోకూడదని ఎక్కడా రాసిలేదు. రండి రండి. నేను చెప్పేది సార్లకి ఎంత అవసరమో మీకూ అంతే అవసరం, అసలు మీకే ఎక్కువ.

నేను పెద్ద పెద్ద విషయాలు మాట్లాడటానికి రాలేదు. ఒక్కటే అడగడానికొచ్చాను. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో దివ్యాంగ పిల్లలకి వెసులుబాట్లు ఉన్నాయి, మీ అందరికీ తెలుసు, స్క్రైబ్ ఇస్తాం, అంటే పిల్ల చెప్తుంటే రాసిపెట్టే మనిషిని, అదనపు సమయం ఇస్తాం, చూపు తక్కువ ఉన్నవాళ్ళకి పెద్దక్షరాల పేపర్ ఇస్తాం, కింది అంతస్తులో గది ఇస్తాం. బాగుంది. మరి పరీక్ష రోజు ఆ గదిలో ఆ పిల్లకి అవి నిజంగా అందాయా లేదా అని చూసేదెవరు? చూసింది రాసిపెట్టేదెవరు? కాపీ కొడుతున్నారేమోనని చూడటానికి ఇన్విజిలేటరున్నారు, డిపార్ట్‌మెంటల్ ఆఫీసరున్నారు, సిట్టింగ్ స్క్వాడ్ ఉంది, ఫ్లయింగ్ స్క్వాడ్ ఉంది. పిల్ల హక్కు పిల్లకి అందిందా అని చూడటానికి ఎవరున్నారు చెప్పండి? నేను ఇరవై ఏళ్ళు చూశాను, ఎవరూ లేరండీ.

ఒక పాప సంగతి చెప్తాను. ఊరు చెప్పను, సెంటర్ చెప్పను, ఎవరినో వేలెత్తి చూపించడానికి కాదు ఇది. పాపకి సెరిబ్రల్ పాల్సీ. తల చాలా చురుకు, లెక్కలంటే ప్రాణం. చెయ్యి మాత్రం మాట వినదు, ఒక్క లైను రాయడానికి మనకి పట్టే టైముకి నాలుగింతలు పడుతుంది, అదీ ఎవరూ చదవలేరు. సదరం సర్టిఫికెట్ ఉంది, అంటే వైకల్యం ఎంత శాతమో చెప్పే సర్కారు సర్టిఫికెట్, నామినల్ రోల్‌లో, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితాలో, స్క్రైబ్ అని పెట్టాం, ఎక్స్‌ట్రా టైమ్ అని పెట్టాం, పర్మిషన్ వచ్చింది. కాగితం మీద అన్నీ వచ్చేశాయి. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను, తప్పు నాది కూడా.

లెక్కల పరీక్ష రోజు స్క్రైబ్‌గా వచ్చింది తొమ్మిదో తరగతి అమ్మాయి, వేరే బడి నుంచి. వీళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నది ఆరోజు పొద్దున తొమ్మిదింబావుకి. మన పాప మాట కొంచెం ముద్దగా వస్తుంది, అలవాటైనవాళ్ళకి అర్థమవుతుంది, కొత్తవాళ్ళకి రెండుసార్లు చెప్పాలి. పాప 'సైన్ స్క్వేర్ తీటా' అంది. ఆ అమ్మాయి పాపం ఇంకా ఆ పాఠాలకి రాలేదు కదా, తెలుగులో 'సైన్ స్క్వేర్ తీటా' అని అక్షరాలు రాసింది! తీటా అంటే ఎలా గీయాలో తెలీదు. మన పాప గాల్లో వేలితో గీసి చూపించింది, ఆ వేలు వణుకుతుంది, గుండ్రం గుండ్రంగా రాదు. ఇన్విజిలేటర్ సారు వచ్చి 'సైగలు చేయకూడదమ్మా' అన్నారు. ఆయన తప్పు కూడా అనను, ఆయనకెవరూ చెప్పలేదు కదా ఏది సాయం, ఏది కాపీ అని. చివరికి పాప ఏం చేసిందంటే ఒక సున్నా వెయ్యి, దాని మధ్యలో అడ్డగీత పెట్టు అని చెప్పింది. అలా ఒక్క గుర్తుకి పది నిమిషాలు పోయాయి. ఇంక గ్రాఫ్ సంగతి మీరే ఊహించుకోండి, ఎక్స్ అక్షం మీద ఇన్ని గళ్ళు, అక్కడి నుంచి పైకి ఇన్ని గళ్ళు, అక్కడ చుక్క పెట్టు, కాదు కాదు ఇంకో గడి పక్కకి, ఇలా.

పన్నెండుంముప్పావుకి బెల్లు కొట్టారు. అందరూ వెళ్ళిపోయారు. పాపకి ఇంకో గంట ఉంది. ఇక్కడే అసలు విషయం, జాగ్రత్తగా వినండి. ఆ గదిలో ఆ తర్వాత ఏం జరిగింది? బయట పిల్లలంతా గోల, జవాబులు సరిచూసుకుంటున్నారు, కిటికీలోంచి వినబడుతుంది. అటెండర్ వచ్చి పక్క వరస బల్లలు సర్దటం మొదలుపెట్టాడు. ఆఫీసు రూములో జవాబు పత్రాలు లెక్కపెట్టి కట్టలు కట్టి సీలెయ్యాలి, పంపాలి, ఈ ఒక్క పేపర్ రావాలి. ఇన్విజిలేటర్ సారుకి ఊరెళ్ళాలి, బస్సుంది. ఎవరూ పాపని కసరలేదండీ, ఒక్కళ్ళు కూడా గట్టిగా మాట్లాడలేదు. ఆయన ఒకసారి వచ్చి 'ఇంకెంతసేపమ్మా' అన్నారు, అంతే, మామూలుగానే అన్నారు. కాసేపటికి మళ్ళీ వచ్చారు, ఈసారి ఏమీ అనలేదు, వాచీ చూసుకున్నారు. స్క్రైబ్ పిల్లకి ఆకలి, దాని మొహం వాడిపోయింది. ఒంటిగంట అయ్యేసరికి మన పాప 'అయిపోయింది సార్' అంది.

అవ్వలేదు. ఇంకా రెండు పెద్ద ప్రశ్నలున్నాయి. రెండూ దానికి వచ్చు.

ఇప్పుడు చెప్పండి, ఆరోజు రికార్డులో ఏముంటుంది? స్క్రైబ్ ఇవ్వబడినది. అదనపు సమయం ఇవ్వబడినది. అబద్ధమా? కాదు. ఇచ్చారు. గంట ఇచ్చారు, పాప పావుగంట వాడుకుని తనే లేచింది. ఎవరైనా పైనుంచి వచ్చి చెక్ చేస్తే అన్నీ పక్కాగా కనబడతాయి. ఇన్నేళ్ళలో నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. ఇవ్వకపోతే పోట్లాడొచ్చు. ఇచ్చినట్టే ఉండి అందకపోతే ఎవరితో పోట్లాడతాం?

చట్టం ఏం చెప్తుందో టూకీగా చెప్పేస్తాను, సార్లకి తెలిసిందే, అమ్మలకోసం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. 2017 ఏప్రిల్ నుంచి అమలు. పాత 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో ఇరవై ఒకటి. 17వ సెక్షన్‌లో రాసుంది, పాఠ్యప్రణాళికలో, పరీక్ష విధానంలో ఈ పిల్లలకి తగ్గట్టు మార్పులు చెయ్యాలి, అదనపు సమయం, స్క్రైబ్, రెండో భాష మూడో భాష నుంచి మినహాయింపు. ఇది దయ కాదమ్మా, మీరు ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు, చట్టం. ఆ తర్వాత 2018 ఆగస్టులో కేంద్రం రాత పరీక్షలకి మార్గదర్శకాలిచ్చింది, గంటకి ఇరవై నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం, అంటే మూడు గంటల పేపరుకి గంట. స్క్రైబ్‌ని రెండు రోజుల ముందే కలిసి చూసుకునే అవకాశం ఇవ్వాలని అందులో ఉంది. ఒక్కో పేపరుకి, ముఖ్యంగా భాషలకి, వేరే వేరే స్క్రైబ్‌ని పెట్టుకోవచ్చని ఉంది. పెద్దక్షరాలు, బ్రెయిల్, కంప్యూటర్, ఏది కావాలో పిల్లలు ఎంచుకోవచ్చని ఉంది. రెండు రోజుల ముందు! మా పాపకి పావుగంట ముందు. మార్గదర్శకం ఉంది, అది ఆ బడి గడప దాకా నడిచి రాలేదు, ఎందుకు రాలేదో అడిగేవాళ్ళు లేరు.

ఇంకో కేసు చెప్పాలి. 2021లో నీట్ రాసింది ఒకమ్మాయి, డిస్‌గ్రాఫియా, అంటే చేతిరాతకి సంబంధించిన ఇబ్బంది. సర్టిఫికెట్ ఉంది, చట్టప్రకారం గంట ఎక్కువ రావాలి. సెంటర్లో ఇవ్వలేదు, అందరితోపాటే మూడు గంటలకి పేపర్ లాగేసుకున్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ ఏడాది నవంబర్లో తీర్పొచ్చింది, అమ్మాయికి అన్యాయం జరిగిందని కోర్టు ఒప్పుకుంది, సరిదిద్దే మార్గం చూడమంది, కానీ మళ్ళీ పరీక్ష పెట్టమని మాత్రం అనలేదు. చూడండి, దేశంలో అతిపెద్ద కోర్టు అన్యాయం జరిగిందని చెప్పాక కూడా ఆ గంట వెనక్కి రాలేదు. పోయిన టైమ్‌ని ఎవరూ తెచ్చివ్వలేరు. అందుకే అంటున్నాను, ఫిర్యాదులు, కోర్టులు అన్నీ తర్వాత, ముందు ఆ గంట నడుస్తున్నప్పుడే ఎవరో ఒకరు చూడాలి.

అదే ఏడాది ఫిబ్రవరిలో ఇంకో తీర్పుంది, అది మనకి చాలా పనికొస్తుంది, రాసుకోండి. స్క్రైబ్ కావాలంటే నలభై శాతం వైకల్యం ఉండి తీరాలనేది తప్పు అని సుప్రీంకోర్టు చెప్పింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే జబ్బున్న ఒకాయన సివిల్స్ పరీక్షకి స్క్రైబ్ కోసం వేసిన కేసు. దాని తర్వాత 2022 ఆగస్టులో నలభై శాతం కంటే తక్కువ ఉన్నా, రాయడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకి స్క్రైబ్, టైమ్ ఇవ్వమని వేరే మార్గదర్శకాలొచ్చాయి. కాబట్టి ఎవరైనా 'మీవాడికి ముప్పై ఐదు శాతమే ఉందమ్మా, ఏం చెయ్యలేం' అంటే ఊరుకోకండి.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం. అమెరికా. ఎందుకూ అంటే మా అన్నయ్య కూతురు అక్కడుంటుంది, వాళ్ళబ్బాయికి డిస్లెక్సియా, అంటే చదవడంలో రాయడంలో ఇబ్బంది, అక్కడి సర్కారు బడిలోనే చదువుతున్నాడు. నేను అక్కడ మూడు నెలలున్నాను. మా పిల్ల నాకొక కాగితాల కట్ట చూపించింది, ఐఈపీ అంటారు, ఆ ఒక్క పిల్లాడి కోసం రాసిన ప్రణాళిక, ఏటా కూర్చుని మళ్ళీ చూస్తారు, తల్లి కూడా ఆ టీమ్‌లో సభ్యురాలు. పరీక్షల్లో వాడికి ఏమేం ఇవ్వాలో అందులోనే రాయాలి, చట్టం. 1975లో వచ్చింది వాళ్ళ మొదటి చట్టం, 1997లో సవరించి, ఈ పిల్లల్ని రాష్ట్ర పరీక్షలకి దూరంగా పెట్టకూడదు, తగిన వెసులుబాట్లతో కూర్చోబెట్టాలి అని పెట్టారు. అంతకుముందు ఏం జరిగేదంటే చాలాచోట్ల ఈ పిల్లల్ని లెక్కలోకే తీసుకునేవాళ్ళు కాదు. మనకి కొత్తా చెప్పండి? బడి రిజల్ట్ పడిపోద్దని 'వీడిని ఈ ఏడు కట్టించకండి' అనే మాట మనమూ విన్నాం, ఈ హాల్లోనే విన్నాం.

అక్కడా అంతా సవ్యంగా జరుగుతుందని చెప్పట్లేదు. మావాడికి కంప్యూటర్ మీద పరీక్ష, ప్రశ్నని చదివి వినిపించే ఏర్పాటు ఉండాలి, ఐఈపీలో ఉంది. పరీక్ష రోజు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాడు, శబ్దం రాలేదు, ఆ సెట్టింగ్ ఎవరో ముందే పెట్టాలి, పెట్టలేదు. తొమ్మిదేళ్ళ పిల్లాడు, చెయ్యెత్తి అడగడానికి సిగ్గుపడి అలాగే కూర్చుని వచ్చేశాడు. ఇంటికొచ్చి కూడా చెప్పలేదు, రాత్రి పడుకునేముందు చెప్పాడు. మా పాప 'అయిపోయింది సార్' అన్నట్టే కదా ఇది కూడా? దేశం వేరు, బడి వేరు, కంప్యూటరుంది, ఏసీ ఉంది, పిల్లాడి మనసు మాత్రం అదే. తేడా ఎక్కడుందంటే మర్నాడు పొద్దున మా పిల్ల ఒక ఈమెయిల్ పెట్టింది. దానికి బడి జవాబు చెప్పక తప్పలేదు, ఎందుకంటే ఏమివ్వాలో రాసిన కాగితం ఉంది, ఏ సెట్టింగ్ పెట్టారో కంప్యూటర్లో ఉంది, రెండూ పక్కపక్కన పెడితే తప్పు కళ్ళకి కనబడుతుంది.

అక్కడ కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాల పరీక్షల్ని పరిశీలించేటప్పుడు ఒక అంశం ప్రత్యేకంగా అడుగుతుంది, ఈ వెసులుబాట్లు సరిగా అమలయ్యాయని మీకెలా తెలుసు, చూపించండి అని. నియమాల ప్రకారం ఇచ్చారా, ఆ పిల్ల ఇబ్బందికి తగ్గది ఇచ్చారా, క్లాసులో రోజూ వాడేదే పరీక్షలో ఇచ్చారా, ఆ పిల్ల టీమ్ రాసినదే ఇచ్చారా, పరీక్ష పద్ధతి చెడకుండా ఇచ్చారా. ఇవీ ప్రశ్నలు. నాకు అది విన్నప్పుడు ఏమనిపించిందంటే, ఇందులో కోట్ల ఖర్చు పని ఒక్కటైనా ఉందా? ఐదు ప్రశ్నలు అడగటానికి మనకి ఎవరు అడ్డం?

ఆ ఐదింట్లో మూడోది పట్టుకోండి. క్లాసులో రోజూ వాడేదే పరీక్షలో ఇచ్చారా. మనదగ్గర ఎక్కడ పోతుందంటే ఇక్కడ పోతుంది. ఏడాదంతా బడిలో ఎఫ్‌ఏలని చిన్న పరీక్షలు పెడతాం, ఎస్‌ఏలని పెద్ద పరీక్షలు పెడతాం, ప్రీఫైనల్ పెడతాం, ఒక్కదాన్లో కూడా స్క్రైబ్ ఇవ్వం. 'ఇవి మన లోపలి పరీక్షలే కదా మేడమ్, ఎలాగోలా మార్కులేసేస్తాం' అంటారు. మంచి మనసుతోనే అంటారు, నాకు తెలుసు. కానీ చెప్పి రాయించడం కూడా ఒక విద్య సార్. మనం కూడా ఎవరికైనా ఉత్తరం చెప్పి రాయిస్తే తెలుస్తుంది, మనసులో ఉన్నది ఒక వరుసలో పెట్టి, కామా ఎక్కడ, కొత్త లైను ఎక్కడ అని చెప్పి, రాసింది ఒకసారి చదువమ్మా అని అడగటం, ఇది రెండుమూడేళ్ళు అలవాటు కావాలి. మన పిల్ల జీవితంలో మొదటిసారి స్క్రైబ్‌తో కూర్చునేది పబ్లిక్ పరీక్షలోనా? ఈత రాని పిల్లని తీసుకెళ్ళి నేరుగా గోదాట్లో దింపినట్టు కాదా? పదో తరగతిలో స్క్రైబ్ కావాల్సిన పిల్లకి ఎనిమిదిలోనే ఇవ్వాలి, ప్రతి చిన్న పరీక్షకి ఇవ్వాలి, ఏం పనికొచ్చింది ఏం పనికిరాలేదు ఆ సబ్జెక్ట్ టీచర్ రెండు లైన్లు రాసిపెట్టాలి. లెక్కలకి స్క్రైబ్ అయ్యే పిల్లకి ఒక గంట కూర్చోబెట్టి గుర్తులు నేర్పండి, తీటా, రూటు, త్రిభుజం. జవాబు నేర్పట్లేదు కదా, గుర్తు నేర్పుతున్నాం. మా పాపకి ఆ ఒక్క గంట ఎవరైనా ఖర్చుపెట్టి ఉంటే.

సరే. వినికిడి లేని పిల్లల గురించి ఒక్క విషయమే చెప్తాను కానీ ఇది అసలు ఎవరికీ తట్టదు. పరీక్ష మధ్యలో ప్రశ్నపత్రంలో తప్పు ఉందని కబురొస్తుంది, ఇన్విజిలేటర్ గదిలో నిలబడి 'ఫలానా ప్రశ్నలో ఈ అంకె ఇలా మార్చుకోండి' అని గట్టిగా చెప్తారు. అందరూ తలలు వంచుకుని దిద్దుకుంటారు. మన పిల్లవాడు రాసుకుంటూనే ఉంటాడు. వాడికి ఎవరు చెప్పారు? ఏ వెసులుబాటు లిస్టులో ఉంది ఇది? సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాస్తే చాలు. పైసా ఖర్చు లేదు. నేను చూసిన సెంటర్లలో బోర్డు మీద రాసినవాళ్ళున్నారు, వాళ్ళకి చెయ్యెత్తి మొక్కుతాను, కానీ అది ఆ సారు మంచితనం, పద్ధతి కాదు. ఆయన బదిలీ అయితే పోయింది. మంచితనం మీద పిల్లల పరీక్ష నడవకూడదండీ.

చూపు తక్కువ ఉన్న పిల్లలదీ అంతే, పెద్దక్షరాల పేపర్ వచ్చిందా అని చూస్తాం, ట్యూబ్‌లైట్ వెలుగుతుందా అని చూడం. ఒకబ్బాయి భూతద్దం తెచ్చుకుంటే స్క్వాడ్ వాళ్ళు పావుగంట తిప్పి తిప్పి చూశారు, దాన్లో ఏముందోనని. ఆ పావుగంట పిల్లాడిదే పోయింది. ముందురోజే హాల్‌టికెట్‌తోపాటు ఒక చీటీ, ఈ అబ్బాయి భూతద్దం వాడతాడు అని సెంటర్ చూసుకునే చీఫ్ సూపరింటెండెంట్ సంతకంతో ఉంటే ఆ గొడవే లేదు. ఇంకో పక్క చూడండి, 2023లో అనంతపురం వైపు ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ స్కూలు నుంచి చూపులేని పిల్లలు ఆరుగురు పదో తరగతి పరీక్ష లాప్‌టాప్ మీద తమంతట తామే రాశారు. స్క్రైబ్ లేకుండా! మన రాష్ట్రంలోనే జరిగింది. కాబట్టి కుదరదు అనే మాట నాదగ్గర ఎత్తొద్దు.

మీలో కొంతమంది మనసులో ఇంకో మాట ఉంది, నాకు తెలుసు, అదీ మాట్లాడుకుందాం. స్క్రైబ్ పేరుతో మోసం జరగట్లేదా మేడమ్ అని. జరుగుతుంది. అవసరం లేని పిల్లకి సర్టిఫికెట్ పుట్టించి, తెలివైన పిల్లని పక్కన కూర్చోబెట్టి రాయించిన సంగతులు మనం విన్నాం. దానికి శిక్ష ఎవరికి పడుతుంది? మా పాపకి పడుతుంది. మరుసటి ఏడాది నుంచి ప్రతి స్క్రైబ్ వెనకా ఒకరు నిలబడతారు, గాల్లో వేలు కదిపితే సైగ అంటారు. అందుకే నేను అడిగేది రెండువైపులా పదునున్న పర్యవేక్షణ. అక్కర్లేనివాళ్ళు తీసుకుంటున్నారా అనీ చూడాలి, కావాల్సినవాళ్ళకి అందలేదా అనీ చూడాలి. ఇప్పుడు మొదటిది ఒక్కటే చూస్తున్నాం. ఎనిమిదో తరగతి నుంచి చిన్న పరీక్షల రికార్డు ఉన్న పిల్లని ఎవరూ అనుమానించలేరు. మార్చిలో హఠాత్తుగా పుట్టిన సర్టిఫికెట్ ఎవరిదో కూడా అదే రికార్డు పట్టిస్తుంది.

ఇంక అసలు లిస్టులోకే రాని పిల్లలు. డిస్లెక్సియా. మన సర్కారు బడుల్లో డిస్లెక్సియా ఉన్న పిల్లలు లేరా? లేకేం, 'మొద్దు' అని పేరు పెట్టి వెనక బెంచీలో కూర్చోబెట్టాం. నోటితో అడిగితే సైన్స్ పాఠం మొత్తం చెప్తాడు, రాయమంటే అక్షరాలు తారుమారు. 2016 చట్టంలో ఈ ఇబ్బంది కూడా ఉంది. కానీ గుర్తించాలి, పరీక్ష చేయించాలి, సర్టిఫికెట్ రావాలి, ఇదంతా నామినల్ రోల్స్ వెళ్ళేలోపు అవ్వాలి. తల్లి కూలిపని మానుకుని జిల్లా ఆసుపత్రికి ఎన్నిసార్లు తిరుగుతుంది? ఒకసారి డాక్టర్ ఉండరు, ఒకసారి క్యాంపు వాయిదా. అందుకని ఇది తొమ్మిదో తరగతి మొదట్లోనే మొదలవ్వాలి. ఈ పిల్లల కోసమే పెట్టిన భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీలు, అంటే ప్రత్యేక టీచర్లు, ఉన్నారు, వాళ్ళకి చెప్పండి, అడగండి, మీ క్లాసులో నోటితో బాగా చెప్పి రాతలో సున్నా వచ్చే పిల్లలు ఎవరున్నారో ఒక చీటీ మీద రాసివ్వండి చాలు. మిగతాది వాళ్ళు చూసుకుంటారు.

ఇదిగో ఈ నోట్‌బుక్ చూడండి. రెండొందల పేజీలది, అట్ట చిరిగిపోయింది, దారంతో కుట్టాను. ఆ పాప సంగతి జరిగిన మరుసటి ఏడు మొదలుపెట్టాను ఇది. ఆ ఏడు మా మండలంలో ఏడుగురు పిల్లలు వెసులుబాటుతో రాశారు. ప్రతి పరీక్ష రోజు సాయంత్రం ఏడుగురికీ ఫోన్ చేశాను. ఫోన్ లేనివాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఒక పేజీ చదువుతాను. 'ఇంగ్లీష్. స్క్రైబ్ 9-40కి వచ్చింది, పది నిమిషాలు ఆలస్యం, ఆ పది నిమిషాలు కలపలేదు. 12-45 తర్వాత గది మార్చారు. ఎందుకు అంటే గదులకి తాళాలు వెయ్యాలన్నారు. కొత్త గదిలో ఫ్యాన్ లేదు. 1-20కి లేచాడు. ఎందుకు లేచావు అంటే, అందరూ నాకోసమే ఆగారు మేడమ్ అన్నాడు.'

అందరూ నాకోసమే ఆగారు. ఈ వాక్యం ఈ నోట్‌బుక్‌లో ఒక్కచోట కాదు, వేరే వేరే పిల్లలు, వేరే వేరే ఏళ్ళు, ఇంచుమించు ఇవే మాటలు. పిల్లలకి అది తమ టైమ్ అని తెలీదు. ఎవరో దయతలచి ఆగారనుకుంటున్నారు. మీ ఇంట్లో చెప్పండమ్మా ఈ మాట, ఆ గంట నీదే, అడుక్కున్నది కాదు, బెల్లు కొట్టాక కూడా నీ పరీక్ష నడుస్తూనే ఉంది అని.

ఈ నోట్‌బుక్ చూపించాకే ఒక సెంటర్లో చీఫ్ సూపరింటెండెంట్ గారు ఒక పని చేశారు. అదనపు సమయం ఉన్న పిల్లల్ని మొదటి నుంచే విడిగా, చివరి గదిలో కూర్చోబెట్టారు, కట్టలు కట్టే చోటుకి దూరంగా. ఆ గదికి పన్నెండుంముప్పావుకి ఇన్విజిలేటర్ని మార్చారు, పొద్దుట్నుంచి నిలబడ్డాయన ఇంటికెళ్ళిపోయారు, అప్పుడే అన్నం తిని వచ్చినాయన కూర్చున్నారు. స్క్రైబ్ పిల్లలకి అరటిపండు, బిస్కెట్ ప్యాకెట్ ఇప్పించారు. బల్లలు సర్దటం రెండింటి తర్వాతే అన్నారు. అంతే చేశారు. ఆరోజు నా నోట్‌బుక్‌లో 'లేచిన టైమ్' అనేచోట 1-45, 1-40, 1-45 అని రాసుకున్నాను. నాకు ఇప్పటికీ ఆ పేజీ తీసి చూసుకోవాలనిపిస్తుంది.

మీకు ఇప్పుడు పంచుతున్న కాగితం ఆ నోట్‌బుక్ లోంచి తీసిందే. పిల్లకి ఒకటి, రోజుకి ఒకటి. పై సగం ఇన్విజిలేటర్ నింపాలి, స్క్రైబ్ ఎన్నింటికి వచ్చారు, ముందు ఎప్పుడు కలిశారు, గదిలో వెలుతురు ఉందా, తప్పుల సవరణ బోర్డు మీద రాశారా, పిల్ల ఎన్నింటికి లేచింది. కింద సగం పిల్లది. పిల్లే చెప్పాలి, వాళ్ళ ఐఈఆర్‌పీ గానీ ఇంటి దగ్గర అక్కో అన్నో గానీ రాయాలి. అందులో ప్రశ్నలు రెండే, ఇంకా రాయాల్సినవి ఉండగా లేచావా, ఉంటే ఎందుకు లేచావు. సెంటర్లో ఇన్విజిలేటర్ ముందు అడగొద్దు, ఇంటికెళ్ళాకే అడగండి, అక్కడ అడిగితే 'బాగా జరిగింది మేడమ్' తప్ప ఇంకోమాట రాదు. మర్నాటి పరీక్షకి ముందే ఆ కాగితం హెడ్మాస్టర్ చదవాలి, పరీక్షలన్నీ అయ్యాక చదివితే ఉపయోగం లేదు, రేపటి పేపర్‌కైనా పనికిరావాలి కదా.

ఎవరో చెయ్యెత్తారు, చెప్పండమ్మా. పాప పాసైందా అనా? పాసైంది. లెక్కల్లోనూ పాసైంది. ఇంటర్లో ఎంపీసీ తీసుకుంటానంది, ఆ మార్కులు చూసి వద్దన్నారు, వేరే గ్రూపులో చేరింది. మొన్నీమధ్య బస్టాండులో కనబడింది, బాగుంది, ఉద్యోగానికి పరీక్షలు రాస్తోంది. ఆ రెండు ప్రశ్నలు ఏంటో నాకు ఇంకా గుర్తున్నాయి మేడమ్ అని నోటితో మొత్తం చెప్పింది, స్టెప్పులతో సహా.

సార్, నామినల్ రోల్ కాపీలు తెచ్చారు కదా, తీయండి. మండలం మొత్తం మీద ఈ ఏడు ఎంతమంది పిల్లలున్నారో ముందు పేర్లు రాసుకుందాం. అమ్మలు, మీ పిల్ల పేరు ఆ లిస్టులో ఉందో లేదో మీ కళ్ళతో చూసుకుని అప్పుడు ఇంటికెళ్ళండి.